దక్షిణామూర్తికి చెట్టు నీడ

శివరాత్రికి ప్రభలు కట్టుకుని కోటప్పకొండకు కదిలే పల్నాడు ఆ కొండ మీది అడవిని కూడా స్వామి సొత్తుగా చూడగలదా? నూరేళ్ల కిందట టోక్యో నగరంలో గుడి కోసం అడవినే నాటారు. వాళ్లు చేసిన పనిలో మనకు పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత?

నరసరావుపేటలో బస్సెక్కి చిలకలూరిపేట దారి పట్టగానే కోటప్పకొండ కనిపించడం మొదలవుతుంది. ఊళ్లు మారినా, మలుపులు తిరిగినా కొండ మాత్రం కళ్ల ముందే ఉంటుంది. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలూ కనిపిస్తాయని ఈ చుట్టుపక్కల వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలవి. కొండకు త్రికూటాద్రి అనీ, స్వామికి త్రికూటేశ్వరుడనీ పేరు వచ్చింది ఆ మూడింటి వల్లే. పల్నాడు మాత్రం కోటయ్య అంటుంది. ఇంట్లో మొదటి మగపిల్లవాడికి ఆ పేరు పెట్టుకోని ఊరు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం.

ఈ కొండ స్వామికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ కల్యాణం జరగదు, ధ్వజస్తంభం ఉండదు. దక్షయజ్ఞంలో సతీదేవి ఆహుతైన తర్వాత శివుడు పన్నెండేళ్ల వటువు రూపంలో ఈ కొండ మీద తపస్సులో కూర్చున్నాడని, బ్రహ్మాది దేవతలు వచ్చి ఆయన దగ్గర జ్ఞానం పొందారని స్థలపురాణం. అంటే ఇక్కడున్నది దక్షిణామూర్తి, బ్రహ్మచారి. పెళ్లే లేని స్వామికి కల్యాణోత్సవం ఎక్కడిది?

దక్షిణామూర్తిని శివాలయాల్లో దక్షిణం గోడకు చూస్తుంటాం. వయసు మళ్లిన ఋషులు కింద, పడుచు గురువు పైన. బోధించేది మౌనంగా. ఆయన వెనక, తలమీదుగా పరుచుకుని మర్రిచెట్టు. మంచి శిల్పి ఆ చెట్టు దగ్గర చాలాసేపు ఆగుతాడు. ఒక్కో కొమ్మను విడదీస్తాడు, ఆకులు లెక్కపెట్టేంత స్పష్టంగా చెక్కుతాడు. వటవృక్షం ఆ మూర్తి ధ్యానంలోనే ఉంది. కైలాసంలో ఉన్నా, నందిని ఎక్కినా, తాండవమాడినా శివుడికి చెట్టుతో పనిలేదు. దక్షిణామూర్తిగా కూర్చున్నప్పుడు మాత్రం చెట్టు కావాలి.

కోటప్పకొండ మీద ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది, వాహనాలు నిలిపే జాగా ఉంది, పెద్ద పెద్ద విగ్రహాలు ఉన్నాయి, విద్యుద్దీపాలు ఉన్నాయి. ముసలివాళ్లూ, కాళ్లు లేనివాళ్లూ కూడా స్వామిని చూడగలుగుతున్నారు. ఇది చిన్న మేలు కాదు. కానీ ఈ కొండకు ఇంకేం కావాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు సిమెంటులోనే వస్తోంది. ఆయనకు నీడనిచ్చే చెట్టు మాటేమిటని అడగడమే ఈ కథనం ఉద్దేశం.

కట్టెల సాలంకయ్య, పాల గొల్లభామ

కోటప్పకొండ కథలో రాజులు లేరని కాదు. కొండ మెట్లు కట్టించింది నరసరావుపేట జమీందార్లయిన మల్రాజు వంశంవారు. వాళ్లు వచ్చింది చాలా ఆలస్యంగా. స్వామిని మొదట చూసినవాళ్లు వేరు.

ఎల్లమంద ఊరివాడు సాలంకయ్య. తమ్ముళ్లతో కలిసి కొండకు పోయి కట్టెలు కొట్టి తెచ్చుకునేవాడు. అలా పోయిన ఒకరోజు కొండ మీద ధనం దొరికింది. కలవాడయ్యాక కూడా శివభక్తి తగ్గలేదు. ఒక జంగమదేవర రోజూ ఇంటికి వచ్చి ఆతిథ్యం తీసుకుని వెళ్లేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. సాలంకయ్య కొండంతా వెతికాడు. రుద్రశిఖరం మీద తెలిసింది, ఇన్నాళ్లూ తన ఇంట పాలు తాగి వెళ్లింది ఎవరో.

ఇక కొండకావూరు గొల్లపిల్ల ఆనందవల్లి. రోజూ కిందినుంచి కుండలో నీళ్లు మోసుకుపోయి రుద్రశిఖరం మీది పాత కోటప్పకు అభిషేకం చేసేది. ఒకనాడు దించిన కుండ మీద కాకి వాలి నీళ్లు ఒలికిపోతే, ఈ కొండ మీద మీ జాతి వాలొద్దని శపించింది. కోటప్పకొండ మీద కాకి వాలదన్న నమ్మకం అక్కడిది. నిండు గర్భంతోనూ నడక మానని ఆ పిల్లను చూసి స్వామే దిగివచ్చాడు. నువ్వు ఎక్కిరానక్కర్లేదు, నేనే నీ వెంట వస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు. సగం దారిలో వెనక పెద్ద చప్పుడైంది. ఆమె తిరిగి చూసింది. బ్రహ్మశిఖరం దగ్గర స్వామి అక్కడికక్కడే లింగమైపోయాడు. ఇప్పుడు మనం దర్శనం చేసుకునే కొత్త కోటప్ప అదే. కొండ దారిలో గొల్లభామకు గుడి ఉంది. మెట్ల దారిన వెళ్లే పెద్దవాళ్లు ముందు ఆమెకు మొక్కి గానీ పైకి పోరు.

ఒకరు కొండ మీద కట్టెలు కొట్టుకునే మనిషి, మరొకరు పశువుల ఇంటి పిల్ల. ఇద్దరూ అడవి మీద బతికినవాళ్లే. ఈ సంగతిని గట్టిగా పట్టుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

పల్నాడు దేవుళ్లలో చాలామంది ఇలాంటి చోట్లే ఉన్నారు. సున్నపురాయి నేల కావడంతో ఇక్కడ బిలాలు ఎక్కువ. పిడుగురాళ్ల వైపు గుత్తికొండ బిలం ఉంది. పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఆ బిలంలోకి వెళ్లిపోయాడని జనం నమ్మకం. లోపల చీకట్లో నీటి కోనేర్లు, బయట చెట్లు. గురజాల మండలంలో కృష్ణ ఒడ్డున దైద బిలం, కారంపూడి వైపు అడవిలో శింగరుట్ల నరసింహస్వామి, మాచర్ల దాటాక చంద్రవంక డెబ్బై అడుగుల కిందికి దూకే ఎత్తిపోతల దగ్గర దత్తాత్రేయుడు. ఆ పైన నల్లమల, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. దేశంలోకెల్లా పెద్దదని పేరున్న ఆ అభయారణ్యానికి పల్నాడు ఒక అంచు. గుడిని, చెట్టును వేరుచేసి చూడడం ఈ నేలకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు.

గుడికంటే ముందు అడవి

ఇప్పుడు ఒక దూరదేశం కథ. టోక్యోలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పిల్లలు అమ్మానాన్నలను పిలిపించుకున్నప్పుడు తప్పక తీసుకెళ్లే చోట్లలో మెయిజీ జింగు ఒకటి. జపాన్ వాళ్ల షింతో మతానికి చెందిన గుడి. హరాజుకు స్టేషన్‌లో రైలు దిగితే ఒకవైపు కుర్రకారు బట్టల దుకాణాల సందడి, రెండోవైపు ఎత్తైన కొయ్య తోరణం. వాళ్లు దాన్ని తోరీ అంటారు. ఆ తోరణం దాటితే గుళకరాళ్ల బాట. రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉంటాయి. పది అడుగులు వేసేసరికి రోడ్డు రొద తగ్గిపోతుంది, గుళకరాళ్ల మీద చెప్పుల చప్పుడు పెద్దదవుతుంది. గుడికి చేరేముందు నీళ్ల తొట్టి దగ్గర గరిటెతో చేతులు, నోరు కడుక్కోవాలి. కాళ్లు కడుక్కుని గుడి మెట్టెక్కే మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. చూడ్డానికి వెయ్యేళ్ల అడవిలా ఉంటుంది. నిజానికి దాని వయసు నూరేళ్లు దాటి కొద్దికాలమే.

మెయిజీ చక్రవర్తి 1912లో చనిపోయాడు, ఆయన రాణి షోకెన్ 1914లో. వాళ్లిద్దరి పేరిట గుడి కట్టాలని జనం కోరారు. 1915లో పని మొదలైంది, 1920 నవంబరు 1న ప్రతిష్ఠ జరిగింది. కట్టాలనుకున్న యోయోగి ప్రాంతంలో చాలా భాగం పొలాలు, గడ్డినేలలు. వాళ్ల సంప్రదాయంలో గుడి అంటే చుట్టూ కాపుగాసే అడవి ఉండాలి. లేదు గనక నాటాలనుకున్నారు. దేశం నలుమూలల నుంచీ జనం దాదాపు లక్ష చెట్లు పంపారు. సుమారు లక్షా పదివేల మంది యువకులు వచ్చి ఒళ్లు వంచి పనిచేశారు. నాటిన జాతులు 365, విస్తీర్ణం 70 హెక్టార్లు. మన లెక్కలో 170 ఎకరాల పైచిలుకు.

ఎంత నాటారన్న దానికంటే ఏం నాటాలన్న దాని మీద జరిగిన వాదన ముఖ్యమైనది. అప్పటి ప్రధాని ఒకుమా షిగెనోబుకు సుగి చెట్లు కావాలి. సూదుల్లాంటి ఆకులతో నిటారుగా ఆకాశాన్ని తాకే చెట్లవి. ఇసె, నిక్కోలలోని గొప్ప గుళ్లకు ఆ గాంభీర్యం వచ్చింది వాటివల్లే. చక్రవర్తి గుడి అంటే అలాగే ఉండాలని ఆయన పట్టు. అడవుల శాస్త్రవేత్త హోండా సెయిరోకు, ఆయన శిష్యులు హోంగో తకనోరి, ఉయెహారా కెయిజి ఒప్పుకోలేదు. ఈ నేల వేరు, ఈ గాలి వేరు, ఫ్యాక్టరీల పొగలో సుగి బతకదు అన్నారు. నిక్కో సుగి, టోక్యో సుగి ఏటా ఎంతెంత పెరిగాయో మాను లోపలి వలయాల లెక్కతో పోల్చి ప్రధాని ముందు పెట్టారు. ప్రధాని వెనక్కి తగ్గాడు.

వాళ్లు ఎంచుకున్నవి ఆ నేలలో ఏ కాలంలోనూ ఆకు రాల్చక పచ్చగా ఉండే వెడల్పాకుల చెట్లు. సిందూర జాతివి, కర్పూర వృక్షాలు. వాటి గింజ వాటికిందే రాలి, మళ్లీ మొలిచి, మనిషి చెయ్యి తగలకుండా తరాలు సాగాలి. అప్పటికే ఉన్న ఎత్తైన పైన్ చెట్లను మొదట పైవరసలో ఉండనిచ్చారు. వాటి కింద తొందరగా ఎదిగేవి, ఆ కింద ఈ నిదానపు చెట్లు, అడుగున పొదలు. కాలం గడిచేకొద్దీ పైవరసలు చనిపోతూ కిందివాటికి చోటిస్తాయి. ఇదంతా పూర్తికావడానికి నూటయాభై ఏళ్లు పడుతుందని లెక్కకట్టి కాగితం మీద బొమ్మలు గీసి చూపించారు. ఆ బొమ్మల్లో చివరిది తాము చూడబోమని ఆ ముగ్గురికీ తెలుసు. అనుకున్నదానికంటే ముందే అడవి ఆ రూపానికి వచ్చింది.

అక్కడ పాటించే నియమాలు చాలా కొద్ది. బాట దిగి అడవిలోకి ఎవరూ పోకూడదు. విరిగిపడిన మానును లోపలే వదిలేస్తారు, అది చివికి మట్టిలో కలుస్తుంది. బాట మీద రాలిన ఆకులను పొద్దున్నే పొడవాటి చీపుళ్లతో ఊడ్చేవాళ్లు ఉన్నారు. ఊడ్చిన ఆకు ఒక్కటీ బయటికి పోదు, తిరిగి చెట్ల మొదళ్లలోకే చేరుస్తారు. నూరేళ్లుగా ఆ నేలకు ఎరువు అదే. 1945 బాంబు దాడుల్లో ప్రధాన మందిరం కాలిపోయింది, అడవి నిలిచింది. 1958లో మందిరాన్ని మళ్లీ కట్టుకున్నారు. నూరేళ్ల సందర్భంగా నిపుణులు లోపలికి వెళ్లి లెక్క తీస్తే చెట్లు, పురుగులు, శిలీంధ్రాలు, పక్షులు అన్నీ కలిపి దాదాపు మూడువేల జాతులు తేలాయి. డేగలు గూళ్లు పెట్టుకుంటున్నాయి. అదీ ప్రపంచంలోనే అతిపెద్ద నగరాల్లో ఒకదాని నడుమ.

అక్కడా గొడ్డలి పడింది

జపాన్ వాళ్లందరూ చెట్లను దేవుళ్లలా చూస్తారని ఈ కథ విని అనుకుంటే పొరపాటు. 1906లో వాళ్ల ప్రభుత్వమే చిన్న గుళ్లను పెద్ద గుళ్లలో కలిపేయమని ఉత్తర్వులిచ్చింది. ఊరికి ఒక్క గుడి చాలు, నిర్వహణ సులువవుతుంది అన్నారు. కొన్నేళ్లలో సుమారు డెబ్బైవేల గుళ్లు మాయమయ్యాయి. గుడి పోగానే దాని చుట్టూ ఉన్న చెట్లు కలప వ్యాపారుల పాలయ్యాయి. వకయామా ప్రాంతంలో మినకత కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త దీనికి ఎదురుతిరిగాడు. ఒక గుడి అడవిని నరికితే ఆ ఊరి నీళ్లు, పంట, పక్షులు, పండుగ, పదిమంది కలుసుకునే చోటు అన్నీ ఒకేసారి పోతాయని పత్రికల్లో రాశాడు, పండితులకు ఉత్తరాలు పంపాడు. అధికారుల సమావేశంలో గొడవ చేసినందుకు 1910లో జైల్లో పెట్టారు. జైల్లోనూ ఆయన శిలీంధ్రాలను పరిశీలిస్తూనే ఉన్నాడంటారు. కొన్నేళ్ల తర్వాత ఆ విధానం ఆగిపోయింది. కానీ నరికిన అడవులు తిరిగి రాలేదు.

ఇప్పుడూ అంతే. మెయిజీ జింగుకు లోపలి అడవి కాక బయటి తోట ఒకటి ఉంది. అక్కడ పాత ఆటస్థలాలు పడగొట్టి, ఆకాశహర్మ్యాలు కట్టే పథకం వచ్చింది. చెట్లు కొట్టొద్దని ర్యుయిచి సకమోతో 2023 మార్చిలో టోక్యో గవర్నరుకు ఉత్తరం రాశాడు. ‘ది లాస్ట్ ఎంపరర్’ సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకున్న మనిషి, అప్పటికే క్యాన్సర్‌తో మంచంలో ఉన్నాడు. ఆ నెలాఖరుకే కన్నుమూశాడు. 2024 అక్టోబరులో చెట్ల నరికివేత మొదలైంది. తాత ముత్తాతలు నాటిన చెట్టును కూడా మళ్లీ మళ్లీ కాపాడుకోవలసిందే. ఈ విషయంలో టోక్యోకూ, నరసరావుపేటకూ తేడా లేదు.

మన దేశంలో ఈ పని ఊళ్లే చేసేవి. కొడగులో దేవరకాడు, కేరళలో కావు, మహారాష్ట్రలో దేవరాయి, రాజస్థాన్‌లో ఓరణ్. దేవుడి పేరున వదిలిన అడవులివి. పుల్ల విరిచినా తప్పే. రాజస్థాన్ ఓరణ్‌ల కేసులో 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఇలాంటి పవిత్ర వనాలను గుర్తించి, కొలతలు వేసి, అడవులుగా లెక్కగట్టి కాపాడాలని చెప్పింది. వాటిని చూసుకునే బాధ్యతలో ఆ ఊరి జనానికి చోటుండాలన్నది కూడా ఆ తీర్పులో ఉంది. పల్నాడు జిల్లాలో ఏ కొండ, ఏ బిలం, ఏ గుడి చుట్టూ ఉన్న చెట్లు ఈ లెక్కలోకి వస్తాయో తేల్చే పని ఇక్కడి అధికారులు, దేవస్థానాలు కలిసి చేయాలి. 2022 ఏప్రిల్ 4న పుట్టిన జిల్లా ఇది. కొత్త కాగితాలు ఎలాగూ రాస్తున్నారు, అందులో ఈ చెట్లు కూడా ఉండాలి.

పుల్లరి మరవని నేల

అయితే టోక్యో పద్ధతిని తెచ్చి ఉన్నది ఉన్నట్టు కోటప్పకొండ మీద పెడితే కుదరదు. అక్కడి అడవి నిలిచింది ఎవరూ లోపలికి వెళ్లకపోవడం వల్ల. పల్నాడులో అడవి చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, లోపలికి రావద్దు అంటే ఆ మాట వినగానే ఈ నేలకు గుర్తొచ్చేది వేరే కథ.

ఆంగ్లేయుల కాలంలో అడవులను రిజర్వు చేశారు. తాతల నాటినుంచి పశువులు మేసిన బీళ్లు, గుట్టలు ఒక్కసారిగా సర్కారువి అయిపోయాయి. పశువు గడ్డి మేయాలంటే పుల్లరి కట్టాలి. కట్టకపోతే గొడ్లను బందెలదొడ్డికి తోలుకుపోయేవారు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, పంట పండడం దైవాధీనమైన సీమలో గొడ్డే ఆస్తి. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, పల్నాడు పుల్లరి కట్టనంది. మాచర్ల వైపు ఊళ్లలో అధికారులకు నిప్పూ నీళ్లూ ఇవ్వలేదు. పరిస్థితి చూడడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకెళ్లాడు. దుర్గి మండలం మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టేది లేదని నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు ప్రాణమిచ్చాడు. గడ్డి కోసం, మేత కోసం, అడవి మీద తమ హక్కు కోసం మనిషి చచ్చిపోయిన నేల ఇది. టోక్యోలో మెయిజీ అడవికి యువకులు మొక్కలు నాటడం, మన దగ్గర అడవి కోసం మనిషి గుండెకు తూటా తగలడం, రెండూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి.

అందుకే ముందు చెప్పిన మాటకు మళ్లీ వస్తున్నాను. ఈ కొండ దేవుడిని మొదట చూసింది కట్టెలు కొట్టేవాడు, మొదట అభిషేకం చేసింది గొల్లపిల్ల. సాలంకయ్యకూ గొల్లభామకూ అడవిలోకి రావద్దని చెప్పే పద్ధతి కోటయ్య కొండకు నప్పదు. మేకల కాపరికి ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో తెలుసు, ఏ వాగులో ఎన్నాళ్లు తేమ ఉంటుందో తెలుసు, మే నెలలో బోదగడ్డికి నిప్పు ఎటునుంచి వస్తుందో తెలుసు. కొండ అంటుకుంటే మొదట చూసేది అతనే. మండ కొట్టి మేకలకు వేసేదీ అతనే కావచ్చు. మొక్కను మేక కొరికితే మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుందన్నదీ నిజమే. కాబట్టి అతనితో మాట్లాడుకోవాలి. ఈ వాలు మూడేళ్లు వదిలెయ్యి, ఆ వాలు మేపుకో, ఆ తర్వాత మారుద్దాం అని ఒప్పందానికి రావాలి. ఈ పని పల్లె పెద్దలు చేసినంత బాగా ఏ శాఖా చేయలేదని నా నమ్మకం.

ఏ చెట్టు?

హోండా బృందం వేసుకున్న ప్రశ్నే మనమూ వేసుకోవాలి. ఈ మట్టిలో, ఈ ఎండలో తన గింజ తానే వేసుకుని మొలిచేది ఏది? రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో రేడియోలో, టీవీలో ఆ ఊరి పేరు రాని రోజుండదు. అలాంటి చోట తోటలకు తెచ్చే అలంకారపు మొక్కలు ట్యాంకరు ఆగిన వారానికే ఎండిపోతాయి. తొందరగా పచ్చగా కనిపిస్తాయని సుబాబుల్, జామాయిల్, కోనోకార్పస్ నాటడం మనకు బాగా అలవాటైంది. అవి నీడలా కనిపిస్తాయి గానీ, పిట్టకు పండు పెట్టవు, కింద మరో మొక్కను లేవనివ్వవు.

పల్నాడు గుట్టల మీద నీళ్లు పోసే దిక్కులేకుండా బతుకుతున్నవి వేరే ఉన్నాయి. వేప, చండ్ర, రేల, మోదుగ, తునికి, దిరిసెన, ఊడుగ. వాటి కింద బలుసు, కలివె, పరికి, సీతాఫలం. వీటిలో చాలావరకు ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాల్చి మోడులా నిలబడి, తొలకరికి వారం తిరక్కుండా పచ్చబడతాయి. టోక్యో అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉండడమే దాని అందం. మన కొండ ఎండాకాలంలో బూడిద రంగులోకి మారడం దాని స్వభావం. అది చచ్చిన కొండలా ఉందని ఎవరూ బాధపడి, రంగు పూలమొక్కల కోసం టెండరు పిలవనక్కర్లేదు.

వీటి నడుమ మర్రి, రావి, జువ్వి, మేడి ఉండి తీరాలి. దక్షిణామూర్తి కొండ మీద మర్రి లేకపోతే ఎలా? ఒక్క మర్రి కాయల కాలంలో గోరింకలు, చిలుకలు, గువ్వలు, కోతులు, రాత్రిపూట గబ్బిలాలు అన్నీ దాని మీదే ఉంటాయి. అవి తిని ఎక్కడ వాలితే అక్కడ ఇంకో చెట్టుకు విత్తనం పడుతుంది. మనిషి వంద గుంతలు తవ్వే పనిని ఒక చెట్టు నిండా చేరిన పిట్టలు చేసిపెడతాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో, మెట్ల దారి మధ్యలో జనం ఆగి ఊపిరి తీసుకునే ప్రతి చోటా రేకుల షెడ్డుకు బదులు ఒక మర్రి పెడితే, ఇవాళ్టి పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి కొండ ఎక్కే దారంతా దక్షిణామూర్తి కూర్చునే చోటులా మారుతుంది.

ఆకు ఊడ్చే పద్ధతి మాత్రం టోక్యో నుంచి అక్షరాలా తీసుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. మన గుళ్లలో పొద్దున్నే ఊడ్చిన ఆకును కుప్పచేసి నిప్పు పెడతారు. ఎండిన కొండ మీద అది ప్రమాదం కూడా. ఆ ఆకును చెట్టు మొదట్లో పోసి నాలుగు రాళ్లు అడ్డం పెడితే వాన నీళ్లు ఇంకుతాయి, మట్టి కొట్టుకుపోదు. పూజలో వాడిన పూలు, మారేడు దళాలు కూడా అంతే. వాటితోపాటు వచ్చే ప్లాస్టిక్ సంచి మాత్రం కొండ కిందే ఆగాలి. శివరాత్రి మర్నాడు కొండ చుట్టూ తిరిగితే ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, పలావు డబ్బాలు పొదల్లో చిక్కుకుని కనిపిస్తాయి. గొల్లభామ కుండతో నీళ్లు మోసిన దారి అది.

ప్రభ కట్టే ఊరు

కోటప్పకొండ తిరునాళ్ల అంటే ప్రభలు. వెదురు బొంగులు, సర్వి బాదులు కట్టి, బట్టలు, రంగు కాగితాలు, బొమ్మలు అలంకరించి, విద్యుద్దీపాలు తగిలించి, ఎనభై తొంభై అడుగుల ఎత్తు లేపుతారు. ఒకప్పుడు ఎడ్లే లాగేవి. ఇప్పుడు ట్రాక్టర్లూ కట్టుకుంటున్నారు. కావూరు, పురుషోత్తమపట్నం, మద్దిరాల లాంటి ఊళ్లకు ప్రభ ఊరి పరువు. నెలల ముందునుంచి చందాలు, పనిమంతులు, పందెం. పొలంలో కాలువ అడ్డమొస్తే కట్ట వేసి, కరెంటు తీగ అడ్డమొస్తే తప్పించి, రాత్రంతా మేలుకుని ప్రభను కొండకింద నిలబెడతారు. ఏ సర్కారూ చెప్పకుండా, ఏ జీవోతోనూ పనిలేకుండా తరాలుగా ఇదంతా చేస్తున్నారు. అంత ఎత్తు కట్టడాన్ని చెక్కుచెదరకుండా పదీ పదిహేను కిలోమీటర్లు నడిపించగలిగిన ఊరు, కొండ వాలు మీద ఒక పది ఎకరాలు చూసుకోలేదని ఎవరనగలరు?

టోక్యోలో లక్షమంది యువకులు ఒక గుడి అడవికి కదిలితే మనం ఆశ్చర్యపోతున్నాం. శివరాత్రికి కోటప్పకొండకు చేరే జనం ఎన్ని లక్షలో పల్నాడులో అందరికీ తెలుసు. జనం కొరత లేదు, భక్తి కొరత లేదు. పని ఇదీ అని ఎవరూ చెప్పలేదు, అంతే.

నా ప్రతిపాదన ఇది. ప్రభ కట్టే ప్రతి ఊరికీ కొండ వాలులో ఒక తుంట కేటాయించాలి. అటవీశాఖ ఆ తుంట కొలిచి, ఏ మొక్క ఎక్కడో గుర్తు పెట్టాలి. దేవస్థానం ఊరి పేరుతో రాయి పాతాలి. ఆ రాయి మీద పెట్టిన ఖర్చు, ఇచ్చినవాళ్ల పేర్లు ఉండకూడదు. ఊరి పేరు, నాటిన సంవత్సరం చాలు. మేకల కాపర్లకు కాపలా కూలి ప్రభ చందాలోంచే ఇవ్వాలి. అప్పుడు కాపరి ఆ తుంటకు శత్రువు కాడు, కాపు అవుతాడు. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో ప్రతి శివరాత్రికీ, ప్రభ ఎత్తు చెప్పుకున్నట్టే, ఊళ్లవారీగా చదివి వినిపించాలి. పందెం లేకపోతే పల్నాడులో పని కదలదన్నది అందరికీ తెలిసిందే.

నాటే రోజు తొలి ఏకాదశి అయితే బాగుంటుంది. ఆషాఢం, వానలు మొదలయ్యే కాలం. గుత్తికొండ బిలానికి ఆ రోజు తిరునాళ్ల కూడా, జనం ఎలాగూ దేవుడి దారిలోనే ఉంటారు. ఆషాఢంలో నాటిన మొక్కకు మాఘంలో శివరాత్రి వచ్చేనాటికి ఏడెనిమిది నెలలు. అప్పటిదాకా వానా, మంచూ కాపాడతాయి. దానికి అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే ఏప్రిల్, మే నెలలు. వరుసగా మూడు ఎండాకాలాలు దాటించాలి. ఏ తుంటకు ఏ ఊరి ట్యాంకరు, వారానికి ఎన్ని సార్లు, డ్రైవరుకు డీజిల్ డబ్బులు ఎవరిస్తారు అన్నది గుంత తవ్వకముందే ఆ ఊరి రచ్చబండ మీద తేలిపోవాలి.